ఖర్చు ఖజానాది, పాలు ఎవరిది?
(తూర్పు ఆఫ్రికా వేరుశనగ పథకం - ఒక పరిశీలన)

మనం ఇంగ్లీషు నుంచి తెచ్చుకున్న రాజకీయ పదాల్లో 'పబ్లిక్ సెక్టర్' ఒకటి. దానికి తెలుగులో 'ప్రభుత్వ రంగం' అన్నాం. 'ప్రజారంగం' అనలేదు. ఆ మాట చేసినవాళ్లు ఏ ఉద్దేశంతో చేశారోగాని, చేసిన పని మాత్రం నిజానికి దగ్గరగానే ఉంది. ప్రజల సొమ్ముతో నడిచే సంస్థలో ప్రజలెక్కడా కనిపించరు, ప్రభువే కనిపిస్తాడు.

ఈ మధ్య ఆ మాట పక్కన ఇంకో మాట వచ్చి చేరింది: భాగస్వామ్యం. 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో పదిహేడవది, అంటే చివరిది, భాగస్వామ్యాల గురించే. పేద దేశాల అభివృద్ధికి ప్రభుత్వాల సొమ్ము ఒక్కటే చాలదనీ, వ్యాపార సంస్థలు చేయి కలపాలనీ, ప్రభుత్వ రంగం వాటికి దారి చూపి నష్టభయాన్ని తగ్గించాలనీ దాతృ దేశాలు, ప్రపంచబ్యాంకు చెపుతున్నాయి. ఇది కొత్త ఆలోచన అన్నట్టు చెపుతున్నారు. సెమినార్లలో మన విద్యార్థులు కూడా అలాగే రాస్తున్నారు. కొత్తదేమీ కాదు. దీనికి పెద్ద చరిత్రే ఉంది. ఆ చరిత్రలో ఒక అధ్యాయాన్ని రచయితల ముందు, సాహిత్య విద్యార్థుల ముందు ఉంచడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆర్థిక శాస్త్రవేత్తల పని మనకెందుకని ఎవరైనా అడగవచ్చు. ఆ అధ్యాయంలో ముఖ్య పాత్రధారి ఒక రచయిత. అదీ మనవంటి అభ్యుదయ రచయిత. కాబట్టి ఈ కథ మనది కూడా.

1

1946 నాటి బ్రిటన్‌ను గుర్తు చేసుకోవాలి. యుద్ధం గెలిచింది. ఖజానా ఖాళీ అయింది. అమెరికా దగ్గర అప్పు చేసింది. డాలర్లు పెట్టి కొనవలసిన ప్రతి వస్తువూ భారంగా ఉంది. వెన్న, నూనె, సబ్బు - అన్నీ రేషన్ మీదే. కార్మికుడి రొట్టె మీద రాసుకునే మార్గరీన్‌కు నూనెగింజలు కావాలి. యుద్ధానికి ముందు యూరప్‌కు వేరుశనగ పంపిన దేశాల్లో ఇండియా ముఖ్యమైనది. ఆ పంటలో మద్రాసు రాష్ట్రానికి, అందులో మన రాయలసీమకు, పెద్ద వాటా ఉండేది. యుద్ధం తరవాత ఇండియాకు తన నూనె తనకే చాలని పరిస్థితి వచ్చి ఎగుమతి తగ్గింది. సామ్రాజ్యం చేతుల్లోంచి ఇండియా జారిపోతున్న ఘడియలోనే ఆ లోటును ఆఫ్రికాలో పూడ్చుకోవాలన్న ఆలోచన పుట్టింది. ఇది గమనించదగ్గ విషయం.

ఆలోచన ఎవరిది? ప్రభుత్వానిది కాదు. యూనిలీవర్ అనే సబ్బుల, మార్గరీన్ల మహాసంస్థకు యునైటెడ్ ఆఫ్రికా కంపెనీ అనే అనుబంధ సంస్థ ఉండేది. పశ్చిమాఫ్రికా వ్యాపారంలో దానిదే పైచేయి. దాని మేనేజింగ్ డైరెక్టర్ ఫ్రాంక్ శామ్యూల్ 1946లో ఒక ప్రతిపాదన పట్టుకొని ప్రభుత్వం దగ్గరికి వచ్చాడు. టాంగన్యీకాలో ఖాళీగా పడి ఉన్న అడవిని ట్రాక్టర్లతో కొట్టి, యంత్రాలతో వేరుశనగ పండించవచ్చునన్నాడు. పని తమ కంపెనీ శక్తికి మించినదనీ, ప్రభుత్వమే పెట్టుబడి పెట్టాలనీ అన్నాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. నూనె అవసరం కంపెనీది. ప్రజల అవసరం కూడా అందులో కలిసి ఉంది, కాదనను. ఆలోచన కంపెనీది. వ్యాపారానుభవం కంపెనీది. పెట్టుబడి మాత్రం ఖజానాది. లాభం వచ్చే వ్యాపారమైతే ఏ కంపెనీ అయినా ప్రభుత్వ కార్యాలయం గుమ్మం ఎక్కుతుందా? నష్టం వస్తే భరించేవాడు కావలసినప్పుడే వ్యాపారికి ప్రభుత్వం గుర్తొస్తుంది. 'నష్టభయాన్ని తగ్గించడం' అని ఇవాళ మనం చదివే మాటకు మూలార్థం అప్పుడే ఖాయమైంది.

ప్రతిపాదనను పరిశీలించడానికి ప్రభుత్వం ముగ్గురిని పంపింది. నాయకుడు జాన్ వేక్‌ఫీల్డ్. అంతకు ముందు టాంగన్యీకాలో వ్యవసాయ శాఖ డైరెక్టరుగా పని చేసినవాడు. తొమ్మిది వారాలు తిరిగారు. చాలా భాగం విమానంలోంచి చూశారు. నివేదిక ఇచ్చారు. టాంగన్యీకా, ఉత్తర రొడీషియా, కెన్యాలలో ఒక్కొక్కటి 30,000 ఎకరాల చొప్పున 107 క్షేత్రాలు, మొత్తం 32 లక్షల 10 వేల ఎకరాలు సాగులోకి తేవాలన్నారు. 1947 ఫిబ్రవరిలో ప్రభుత్వం శ్వేతపత్రం విడుదల చేసింది. ఖర్చు సుమారు 2.4 కోట్ల పౌన్లని అంచనా. మొదటి ఏడాదే లక్షన్నర ఎకరాలు చదును చేయాలని లక్ష్యం. కొత్త ప్రభుత్వ సంస్థ ఏర్పడేదాకా పని నడిపే బాధ్యత యునైటెడ్ ఆఫ్రికా కంపెనీకే అప్పగించారు. 1948లో చేసిన చట్టం కింద ఓవర్సీస్ ఫుడ్ కార్పొరేషన్ అనే ప్రభుత్వ రంగ సంస్థ ఏర్పడి, ఆ మార్చి 1న పథకాన్ని తన చేతుల్లోకి తీసుకుంది. అదే చట్టం కింద దానితోపాటు పుట్టిన రెండో సంస్థ కలోనియల్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్. దాని కథ తరవాత వస్తుంది.

2

నేను వేరుశనగ పండే సీమలో పుట్టినవాణ్ని. మా వైపు వాటిని బుడ్డలంటారు. చిత్తూరు వైపు శెనక్కాయలంటారు. ఆ పంట గురించి మా ఇళ్లలో ప్రతి ముసలమ్మకూ తెలిసిన సంగతులు కొన్ని ఉన్నాయి. పదును చూసి విత్తాలి. పదును రాకముందు విత్తితే విత్తనం పోతుంది, పదును ఆరినాక విత్తితే పంట పోతుంది. ఊడ నేలలోకి దిగే కాలంలో వాన కావాలి. పీకేనాటికి నేల బిగుసుకుపోతే చెట్టు చేతికి వస్తుంది, కాయ మట్టిలో ఉండిపోతుంది.

వేరుశనగ పథకానికి మొదటి కేంద్రంగా ఎంచుకున్న కొంగ్వా మధ్య టాంగన్యీకాలో ఉంది. గోగో జాతి ప్రజల ప్రాంతం. వాన తక్కువ, అదీ నమ్మకం లేనిది. మాటిమాటికీ కరువు చూసిన సీమ. అక్కడి మట్టి వాన పడితే బంకగా ఉంటుంది, ఎండ తగలగానే రాయిలా బిగుస్తుంది. మట్టిలో ఉన్న గరుకు ఇసుక నాగళ్ల కర్రులను అరగదీసింది. పైన కనిపించే ముళ్లపొదల కింద వేళ్లు గట్టిగా అల్లుకొని ఉన్నాయి. చెట్టును పడగొట్టడం తేలికైంది. వేరును పెకలించడం ట్రాక్టర్లకు సాధ్యం కాలేదు. ఆ ట్రాక్టర్లు కూడా చాలా వరకు యుద్ధంలో వాడి వదిలేసిన పాత సరుకు. యుద్ధ టాంకులను మార్చి ట్రాక్టర్లుగా చేసి చూశారు. మరమ్మతు చేసే పనిశాల, విడి భాగాలు, సరైన రైలు సౌకర్యం లేవు. బ్రిటన్‌లో సైన్యం నుంచి విడుదలైన యువకులు 'వేరుశనగ సైన్యం' పేరుతో ఉత్సాహంగా బయలుదేరారు. వాళ్ల ఉత్సాహాన్ని నేను ఎగతాళి చేయను. ఆకలిమీద యుద్ధం చేస్తున్నామని వాళ్లు నిజంగా నమ్మారు.

ఫలితం చెప్పడానికి ఒక అంకె చాలు. లక్షన్నర ఎకరాల లక్ష్యంలో మొదటి ఏడాది విత్తగలిగింది సుమారు 7,500 ఎకరాలు. ఆ తరవాత పశ్చిమాన ఉరంబో, దక్షిణాన నాచింగ్వేయా కేంద్రాలు వచ్చాయి. దక్షిణ కేంద్రం కోసం ఎమ్త్వారాలో కొత్త రేవు, అక్కడి నుంచి రైలు మార్గం నిర్మించారు. లక్ష్యాలను కుదిస్తూ పోయారు. 1951 జనవరిలో బ్రిటిష్ ప్రభుత్వం పథకాన్ని ముగించి, సుమారు 3.6 కోట్ల పౌన్లను నష్టం కింద రద్దు చేసింది.

ఈ వైఫల్యాన్ని సాంకేతిక పొరపాటుగా వివరించేవాళ్లు ఉన్నారు. నేల పరీక్ష చేయలేదు, వర్షపాతం లెక్కలు చూడలేదు, ప్రయోగాత్మక క్షేత్రం పెట్టకుండానే లక్షల ఎకరాల మీదికి దూకారు అంటారు. అన్నీ నిజాలే. కాని ఎందుకు అలా జరిగింది? ఆ నేల గురించి తెలిసిన మనుషులు అక్కడ లేకనా? ఉన్నారు. గోగో రైతుకు ఏ పొద కింద ఏ నేల ఉందో, ఏ నెలలో వాన నిలిచిపోతుందో తరతరాలుగా తెలుసు. అతణ్ని అడగాలని ఎవరికీ తోచలేదు. శ్వేతపత్రం దృష్టిలో అతను రెండే రూపాల్లో ఉన్నాడు: ఖాళీ చేయవలసిన పాత పద్ధతుల వ్యవసాయదారుడుగా, రోజుకూలీకి దొరికే మనిషిగా. ఆ నేల 'ఖాళీ'గా ఉందనడం లండన్ దస్తావేజుల మాట. పశువులు మేపుకొనేవాడికి, తేనె తీసుకొనేవాడికి, కరువులో కందమూలాలు తవ్వుకొనేవాడికి అడవి ఖాళీ స్థలం కాదు. బంజరు పేరుతో మన ఊళ్లలో పోయిన పోరంబోకు భూముల కథ తెలిసినవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పనక్కర లేదు.

కూలీలు మాట్లాడిన సందర్భం ఒకటి మాత్రం ఉంది. 1947లో దారెస్సలాం రేవు కార్మికులు సమ్మె చేశారు. ధరలు పెరిగి కూలి చాలక మొదలైన ఆ సమ్మె రైలు మార్గం వెంబడి లోపలి ప్రాంతాలకు పాకింది. కొంగ్వాలో కూడా పని ఆగింది. పథకం చరిత్రలో ఆఫ్రికన్లు తమ అభిప్రాయం ప్రకటించగలిగింది ఆ విధంగా మాత్రమే. భాగస్వామిగా పిలవనివాడు తన మాట చెప్పడానికి పని మానడం తప్ప మరో దారి ఏముంది?

3

ఇప్పుడు ఆ రచయిత దగ్గరికి వద్దాం.

1946 మే నెలలో బ్రిటన్ ఆహార శాఖ మంత్రి అయిన జాన్ స్ట్రాచీ పేరు 1930లలో ఇంగ్లీషు చదువుకున్న మన వామపక్ష యువకులకు పరిచితం. ది కమింగ్ స్ట్రగుల్ ఫర్ పవర్ 1932లో, ది థియరీ అండ్ ప్రాక్టీస్ ఆఫ్ సోషలిజం 1936లో వచ్చాయి. విక్టర్ గొలాంజ్, హెరాల్డ్ లాస్కీలతో కలిసి అతను లెఫ్ట్ బుక్ క్లబ్బును నడిపాడు. ఆ క్లబ్బు మొదలైంది 1936లో. లండన్‌లో ప్రణాళిక రాసుకున్న భారత అభ్యుదయ రచయితలు లక్నోలో తమ మొదటి మహాసభ జరుపుకున్నదీ 1936లోనే. ఒకే గాలి రెండు చోట్లా వీచింది. సామ్రాజ్యవాదానికి మార్క్సిస్టు విశ్లేషణను అంత సులభంగా, అంత సూటిగా రాసిన ఇంగ్లీషు రచయితలు ఆ కాలంలో కొద్దిమందే.

అలాంటి రచయిత మంత్రి అయ్యాక, యూనిలీవర్ వారి ప్రతిపాదనను సొంత బిడ్డలా నెత్తిన పెట్టుకున్నాడు. పథకం కుంటుతున్నప్పుడు పార్లమెంటులో దానికి రక్షణగా నిలిచాడు. 1950 ఎన్నికల తరవాత అతణ్ని యుద్ధ శాఖకు మార్చారు. ఆహార శాఖ అతని చేతుల్లోంచి పోయిన మరుసటి ఏడాదే పథకం ముగిసింది.

ఇది ద్రోహమా? అలా అనేసి చేతులు దులుపుకోవడం సులభం. 1940లో అతను కమ్యూనిస్టు పార్టీతో తెగతెంపులు చేసుకున్నాడు గనుక ఆ తరవాత ఏం చేసినా ఆశ్చర్యం లేదని కొందరంటారు. నాకు ఆ సమాధానం తృప్తినివ్వదు. స్ట్రాచీ లాభం కోసం ఈ పని చేయలేదు. బ్రిటిష్ కార్మికుడి కంచంలో నూనె చుక్క పెంచాలనీ, ఆఫ్రికా దారిద్ర్యానికి ఆధునిక యంత్రం మందు అవుతుందనీ నమ్మాడు. కంపెనీ చేయలేని పనిని ప్రభుత్వ రంగం చేసి చూపిస్తుందనీ, అదే సోషలిజానికి ఉదాహరణ అవుతుందనీ భావించాడు. అంటే అతని పొరపాటు అతని అభ్యుదయ విశ్వాసంలోంచే పుట్టింది. ఆస్తి ప్రభుత్వం పేరు మీదికి మారితే చాలు, అది ప్రజలదయినట్టేనని అతను అనుకున్నాడు. ఏ ప్రభుత్వం, ఎవరి నేల మీద, ఎవరిని అడిగి అన్న ప్రశ్న అడగలేదు. సామ్రాజ్యవాదం గురించి పుస్తకంలో అడిగిన ప్రశ్నను మంత్రి కుర్చీలో కూర్చున్నాక మళ్లీ అడగలేదు. మనలో కూడా చాలామందికి ట్రాక్టరు బొమ్మ కనిపిస్తే చాలు అభ్యుదయం కనిపించినట్టే ఉన్న రోజులున్నాయి. ఆ రోజుల కవితలు మళ్లీ చదువుకుంటే స్ట్రాచీని మరీ దూరంగా నిలబెట్టలేం.

మరొక రచయిత ప్రస్తావన కూడా అవసరం. ఓవర్సీస్ ఫుడ్ కార్పొరేషన్‌లో సమాచార విభాగం అధిపతిగా పని చేసిన అలన్ వుడ్ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, 1950లో ది గ్రౌండ్‌నట్ అఫైర్ అనే పుస్తకం ప్రచురించాడు. పథకం గురించి గొప్పలు రాయవలసిన కుర్చీలోంచి లేచి వచ్చి, జరిగింది జరిగినట్టు రాశాడు. ఈ వ్యవహారంలో ఇద్దరు రచయితలున్నారు. ఒకడు సిద్ధాంతం రాసి పథకాన్ని సమర్థించాడు, మరొకడు ప్రచారం మానేసి లెక్క చెప్పాడు. సాహిత్య విద్యార్థులు ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చదవాలి.

4

కొంగ్వాలో ట్రాక్టర్లు వేళ్లతో కుస్తీ పడుతున్న రోజుల్లోనే ఆఫ్రికా మరో కొసన ఇంకొక దృశ్యం కనిపిస్తుంది. ఉత్తర నైజీరియాలో కానో నగరం ఉంది. అక్కడ చిన్న రైతులు చేతిపారలతో తమ చిన్న కమతాల్లో పండించిన వేరుశనగ బస్తాలు పిరమిడ్ల ఆకారంలో గుట్టలు పోసి ఉండేవి. మోయడానికి రైలు పెట్టెలు చాలక అవి నెలల తరబడి అలాగే పడి ఉండేవి. లండన్‌కు కావలసిన నూనె అప్పటికే పండి, బస్తాల్లోకి ఎక్కి, రైలు కోసం ఎదురు చూస్తోంది. అయినా మూడు కోట్ల పౌన్లకు పైగా సొమ్ము ముళ్లపొదల్లో పోశారు.

కానో రైతుకు కూడా ప్రభుత్వ రంగంతో పరిచయం ఉంది. యుద్ధకాలంలో వచ్చిన నియంత్రణ మండలి, 1949లో దాని స్థానంలో వచ్చిన వేరుశనగ మార్కెటింగ్ బోర్డు అతని పంటను కొనేవి. ధరల హెచ్చుతగ్గుల నుంచి రైతును కాపాడటం వాటి ప్రకటిత ఆశయం. ఆచరణలో ప్రపంచ ధర కంటే బాగా తక్కువ ఇచ్చి, మిగులును లండన్‌లో స్టెర్లింగ్ నిల్వలుగా దాచాయి. బోర్డు తరఫున కొనుగోలు చేసే ఏజెంట్లలో పెద్దది మళ్లీ యునైటెడ్ ఆఫ్రికా కంపెనీయే. టాంగన్యీకాలో ఖజానా సొమ్ము కంపెనీ ఆలోచన మీద ఖర్చయింది. నైజీరియాలో రైతు సొమ్ము బోర్డు ద్వారా ఖజానాకు చేరింది. రెండు చోట్లా ప్రభుత్వమూ కంపెనీయే భాగస్వాములు. రెండు చోట్లా పండించేవాడు బయటే ఉన్నాడు.

ఈ చరిత్ర నుంచి మార్కెట్ వాదులు తమకు కావలసిన పాఠం తీసుకున్నారు. పీటర్ బావర్ అనే ఆర్థికవేత్త పశ్చిమాఫ్రికా మార్కెటింగ్ బోర్డుల గురించి 1954లో రాసిన విమర్శలో నిజం చాలా ఉంది. కాని ఆ దారిలో నడిచినవాళ్లు 'ప్రభుత్వం వ్యాపారం చేయకూడదు' అన్న సూత్రం దగ్గర ఆగిపోయారు. ప్రభుత్వాన్ని ఆ వ్యాపారంలోకి పిలిచింది ఎవరన్నది వాళ్ల లెక్కలో కనిపించదు.

దీనికి ఎదురుగా ఒక మంచి ఉదాహరణ కూడా చెప్పాలి, లేకపోతే వాదం ఏకపక్షమవుతుంది. 1948 చట్టం కింద పుట్టిన రెండో సంస్థ కలోనియల్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ మొదట్లో గాంబియాలో కోళ్ల పథకం పెట్టి 1951 నాటికి దాన్ని మూసుకుంది. కొంగ్వాకు అది తమ్ముడు. కాని అదే సంస్థ 1960ల నుంచి కెన్యాలో చిన్న రైతుల తేయాకు సాగుకు అప్పులిచ్చింది. ప్రపంచబ్యాంకు కూడా చేయి కలిపింది. ఫ్యాక్టరీల నిర్వహణకు మొదట్లో తేయాకు కంపెనీల సహాయం తీసుకున్నారు. ఇదీ ప్రభుత్వ, వ్యాపార భాగస్వామ్యమే. అయితే ఇక్కడ భూమి రైతు చేతిలోనే ఉంది. రైతు కమిటీలకు సంస్థలో ప్రాతినిధ్యం ఉంది. ఇవాళ కెన్యా తేయాకులో సగానికి పైగా చిన్న రైతులదే. ఈ పథకం వెనక మౌమౌ తిరుగుబాటు కాలంలో 1954లో వచ్చిన స్విన్నర్టన్ ప్రణాళిక ఉందనీ, విధేయులైన భూస్వామ్య రైతుల తరగతిని తయారు చేయాలన్న రాజకీయ ఉద్దేశం అందులో ఉందనీ మరిచిపోకూడదు. చెల్లింపుల మీద రైతుల తగాదాలు కూడా ఆగలేదు. అయినా తేడా స్పష్టమే. తేడా ప్రభుత్వానిదీ కాదు, కంపెనీదీ కాదు. నేల మీద నిలబడినవాడికి ఆ ఏర్పాటులో చోటు ఉందా లేదా అన్నదే తేడా.

ఆ సంస్థ తరవాతి చరిత్ర కూడా మన వాదానికి ఉపయోగిస్తుంది. 1963లో పేరులో 'కలోనియల్' పోయి 'కామన్వెల్త్' వచ్చింది. 1999లో ప్రైవేటు పెట్టుబడిని ఆకర్షించాలని చట్టం చేసి దాన్ని కంపెనీగా మార్చారు. 2004లో దాని పెట్టుబడులను నిర్వహించే విభాగాన్ని యాక్టిస్ అనే పేరుతో వేరు చేసి, అందులో 60 శాతం వాటాను ఆ సంస్థ నిర్వాహకులకే 3,73,000 పౌన్లకు ఇచ్చేశారు. మిగిలిన వాటాను 2012లో అమ్మారు. మూల సంస్థ 2022లో బ్రిటిష్ ఇంటర్నేషనల్ ఇన్వెస్ట్‌మెంట్ అయింది. పేదల పేరు మీద ప్రజాధనంతో పెరిగిన అనుభవం, నైపుణ్యం నిర్వాహకుల సొంత వ్యాపారానికి మూలధనం అయింది.

మలేషియా పెర్గావ్ ఆనకట్ట సంగతి కూడా ఈ వరుసలోదే. 1988లో ఆయుధాల అమ్మకం ఒప్పందంతో ముడిపడి, 23.4 కోట్ల పౌన్ల బ్రిటిష్ సహాయం ఆ ఆనకట్టకు వెళ్లింది. నిర్మాణం బ్రిటిష్ కంపెనీలది. ఇది దండగ అని సహాయ శాఖ అత్యున్నతాధికారి టిమ్ లాంకెస్టర్ రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పాడు. విదేశాంగ మంత్రి డగ్లస్ హర్డ్ దాన్ని తోసిపుచ్చాడు. ఒక ప్రజా ఉద్యమ సంస్థ కోర్టుకు వెళ్లగా, 1994 నవంబరులో లండన్ హైకోర్టు ఆ ఖర్చు చట్టవిరుద్ధమని తీర్పు చెప్పింది. అలాంటి సహాయానికి దారి వేసిన పద్దును 1997లో ఎత్తేశారు. కంపెనీలకు పని కల్పించడానికి 'అభివృద్ధి' అనే మాటను వాడుకున్నారని ఒక కోర్టు ద్వారా బయటపడిన అరుదైన సందర్భమిది. బయటపెట్టింది మలేషియా రైతు కాదు, బ్రిటిష్ పౌరులు. డబ్బు కట్టినవాడికి కోర్టు ఉంది. నేల పోయినవాడికి ఆ కోర్టు లేదు.

5

ఇదంతా ఎక్కడో జరిగిందని మనం అనుకోవడానికి వీలు లేదు. 1999లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విజన్-2020 పత్రాన్ని విడుదల చేసింది. దాని తయారీలో మెకిన్సీ అనే అంతర్జాతీయ సలహా కంపెనీ పాత్ర ఉంది. ఆ సంవత్సరాల్లో రాష్ట్రానికి పెద్ద ఎత్తున సహాయం చేసిన దాతల్లో బ్రిటిష్ ప్రభుత్వం ఒకటి. వ్యవసాయం మీద బతికేవారి శాతాన్ని సుమారు 70 నుంచి 40కి తగ్గించడం ఆ దృక్పథంలో ఒక భాగం. ఆ తగ్గే ముప్పై శాతం మనుషులు ఎక్కడికి వెళతారో పత్రంలో స్పష్టంగా లేదు.

2001 వేసవి చివర మెదక్ జిల్లా జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ తదితర సంస్థలు కలిసి 'ప్రజాతీర్పు' అనే కార్యక్రమం నడిపాయి. చిన్న, సన్నకారు రైతులతో, అందులో ఎక్కువమంది స్త్రీలతో, ఒక జ్యూరీ కూర్చింది. వ్యవసాయానికి మూడు రకాల భవిష్యత్తులను వాళ్ల ముందు పెట్టారు. విజన్-2020 అందులో ఒకటి. వాళ్లు అధికారులను, నిపుణులను, కంపెనీ పక్షం వాళ్లను ప్రశ్నలు అడిగారు. చివరికి తీర్పు చెప్పారు: మనుషులను సేద్యం నుంచి తరిమే యాంత్రీకరణ వద్దు, భూములు కొద్దిమంది చేతుల్లో చేరడం వద్దు, విత్తనం మీద, పంట మీద మా అదుపు మాకు కావాలి. ఆ నివేదిక మీద, దాని పద్ధతి మీద బ్రిటిష్ సహాయ శాఖ ఢిల్లీ కార్యాలయం అభ్యంతరాలు చెప్పింది. పద్ధతి మీద చర్చ జరగవలసిందే. కాని కొంగ్వాలో తొమ్మిది వారాలు విమానంలోంచి చూసిన పద్ధతి మీద ఆనాడు అంత పట్టుదలగా చర్చ జరిగి ఉంటే ఎంత బాగుండేది!

అర్ధశతాబ్దం తేడాతో జరిగిన ఈ రెండు సంఘటనలను పక్కపక్కన పెట్టి చూడమని పాఠకులను కోరుతున్నాను. కొంగ్వాలో గోగో రైతుకు 'వద్దు' అనే అవకాశం రాలేదు. జహీరాబాద్‌లో రైతు స్త్రీలు 'వద్దు' అన్నారు. ఆ మాటకు చట్టబలం లేకపోయినా, అది అచ్చులోకి ఎక్కింది, లండన్ దాకా వెళ్లింది. 'వద్దు' అనగల హక్కు లేనివాడు ఏ భాగస్వామ్యంలోనూ భాగస్వామి కాడు. అతను పనివాడు, లేకపోతే అడ్డంకి.

6

మన పల్లెల్లో భాగస్వామ్యానికి పాత మాట 'పాలు'. పాలుకు ఇవ్వడం, పాలు పంచుకోవడం అంటాం. పాలికాపు అనే మాటలోనూ పాలు ఉందంటారు. కాని పాలికాపుకు పేరులోనే పాలు మిగిలింది, పంటలో మిగల్లేదు. ఒక మాట బతికి ఉండగానే దానిలోని హక్కు ఎలా చచ్చిపోతుందో చెప్పడానికి తెలుగులో ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. 'భాగస్వామ్యం' అనే కొత్త మాటకు అదే గతి పట్టకుండా చూడటం రచయితల పనుల్లో ఒకటి.

అందుకు మనం ఏ పథకాన్ని చూసినా మూడు ప్రశ్నలు అడగాలి. ఆలోచన ఎవరి అవసరం నుంచి వచ్చింది? నష్టం వస్తే ఎవరు భరిస్తారు? నేల మీద ఉన్నవాడు వద్దంటే పని ఆగుతుందా? మొదటి రెండు ప్రశ్నలు అడిగేవాళ్లు పత్రికల్లో, శాసనసభల్లో అప్పుడప్పుడు దొరుకుతారు. మూడో ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ. ప్రభుత్వ రంగాన్ని సమర్థించే మనం దాన్ని ఇంకా గట్టిగా అడగాలి. ప్రైవేటీకరణను ఎదిరించే పోరాటంలో 'ప్రభుత్వానిది గనుక ప్రజలది' అన్న వాదంతో సరిపెట్టుకుంటే, స్ట్రాచీ చేసిన పొరపాటే మనమూ చేసినట్టవుతుంది. ప్రభుత్వ రంగం ప్రజారంగం కావడం ఒక చట్టంతో జరిగేది కాదు. అది ఇంకా జరగవలసిన పోరాటం.

కొంగ్వా తరవాతి కథ చెప్పి ముగిస్తాను. టాంగన్యీకా 1961 డిసెంబరులో స్వతంత్రమైంది. 1960ల మధ్య నుంచి వేరుశనగ పథకం వదిలి వెళ్లిన ఆ చోట దక్షిణాఫ్రికా, నమీబియా, మొజాంబిక్ విముక్తి ఉద్యమాల యోధులు శిబిరాలు వేసుకున్నారు. నాచింగ్వేయా మొజాంబిక్ విముక్తి సైన్యం ఫ్రెలీమోకు ప్రధాన శిక్షణ కేంద్రమైంది. లండన్ ప్రణాళికలో మనుషులు లేని ఖాళీ నేలగా రాసి ఉన్న చోటుకు, తమ నేల తమకు కావాలని అడిగే మనుషులు వచ్చి నిలబడ్డారు. వేరుశనగ అక్కడ పండలేదు. 'వద్దు' అనే మాట మాత్రం అక్కడ బలపడింది.